మొదట తలుపులు

ఆవిడ వచ్చేనాటికే మా బడికి ఒక అక్షరం పెట్టేశారు.
ఎఫ్.
పేపర్లో పడింది. ఆదివారం పాస్టర్ నోట పడింది.
చేపల ఫ్యాక్టరీ గేటు దగ్గర కార్డు గుద్దుకుంటూ
తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మిసిసిపీ డెల్టాలో ఆగస్టు అంటే
గాలికి కూడా చెమట పడుతుంది.
ఇరవై రెండేళ్ళుగా ఈ బడి ఊడుస్తున్నాను.
ప్రిన్సిపాళ్ళు వస్తారు, వరండా గోడకి కొత్త నినాదం అంటిస్తారు, వెళ్తారు.
పీకేది నేను.
జిగురు వదలదు.
గోకి చూస్తే పదకొండు పొరలు.

అందుకే ఈ వెర్లీన్ టాల్బర్ట్ తాళాల గుత్తి అడిగితే
"ముందు ఏ గోడ చూస్తారు?" అన్నాను, కాస్త వెటకారంగానే.
"ఆడపిల్లల బాత్రూమ్" అంది.

నాలుగు దొడ్లు. ఒక్క తలుపు.

ఆవిడ ఏమీ అనలేదు.
నేను పెట్టిన ఏడు అర్జీలు
జిల్లా ఆఫీసులో ఏ సొరుగులో నిద్రపోతున్నాయో
చెప్పబోయి మానేశాను.
మూడో తరగతి కేషోండ్రా
పొద్దుటినుంచి చుక్క నీళ్ళు ఎందుకు ముట్టదో నాకు తెలుసు.
తెలిసే, చీపురు పట్టుకుని పక్కనించి నడిచాను.

శనివారం ఆవిడ కారు డిక్కీలోంచి
మూడు తలుపులు సగం బయటికి వేలాడుతూ వచ్చాయి,
చివర ఎర్రగుడ్డ కట్టి.
ఎవరి డబ్బని నేను అడగలేదు.
నేను మేకులు బిగిస్తుంటే తలుపు బరువు తను మోసింది.
మోకాళ్ళు వణికాయి, వదల్లేదు.
ఒక ప్రిన్సిపాల్‌కి చెమట వాసన ఉంటుందని
అరవై ఏళ్ళ వయసులో తెలిసింది నాకు.

ఆ తర్వాత అంతా బాగైపోయిందని చెప్పను.
అక్టోబరులో ఇద్దరు టీచర్లు ఉత్తరం రాసిపెట్టి పోయారు.
డెమారియన్ కుర్చీ విసిరితే కిటికీ పగిలింది,
ఆ అట్టముక్క ఇంకా అక్కడే ఉంది.
జిల్లా నించి టై కట్టుకున్నవాళ్ళు వచ్చి
పిల్లల్ని కాదు, ఫైళ్ళని చూసి వెళ్ళారు.

ఆవిడ మాత్రం చీకటితో లేచి క్లోవిస్ బస్సెక్కేది.
ఏ పిల్లాడు ఏ గుమ్మంలోంచి వస్తాడో,
ఎవరి గుమ్మంలో దీపం లేదో,
డెమారియన్ తమ్ముడికి బూట్లు ఎవరు తొడుగుతారో
(డెమారియనే)
చూసి, కాగితం మీద కాదు, మనసులో రాసుకునేది.

రాత్రి షిఫ్టుకి ఎనిమిదింటికి పది నిమిషాల విరామం.
ఆ పది నిమిషాల కోసం ఫోర్‌మన్‌తో మూడు వారాలు పోట్లాడింది.
ఇప్పుడు ఎనిమిదయ్యేసరికి ఫ్యాక్టరీ వెనక మెట్ల మీద
రబ్బరు బూట్లలో, జుట్టుకి వలలతో తల్లులు.
చేపజిగురు చేతుల్లోంచి ఫోన్ జారుతుంది,
భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెడతారు.
అవతల ఎక్కడో ఒక పిల్ల
ఒకే ఒక్క పేజీ చదువుతుంది,
తడబడుతూ, వెనక్కి వెళ్తూ, మళ్ళీ మొదలెడుతూ.
"మళ్ళీ చదువమ్మా ఆ మాట" అంటుంది తల్లి.
ఆ మాట తనకీ రాదని కొందరు చెప్పరు.
గంట మోగుతుంది. కత్తులు.

మేలో కొత్త అక్షరం వచ్చింది.
డి.
మంగలి షాపులో నవ్వారు.
"ఎఫ్ నించి డి కి ఎగబాకామోయ్, పార్టీ ఎప్పుడు?"
నేను కూడా నవ్వాను. నవ్వొచ్చింది మరి.
ఆవిడ కాగితం మడిచి జేబులో పెట్టుకుని
"నిచ్చెన ఎక్కడుంది, కప్పు కారుతోంది" అంది.
వరండా గోడ ఇప్పటికీ బోడిగానే ఉంది.
పన్నెండో పొర పడలేదు.

నిన్న మధ్యాహ్నం
కుళాయి దగ్గర కేషోండ్రా
గడ్డం మీదుగా కారుతున్నా పట్టించుకోకుండా
గుటకలు గుటకలుగా తాగుతోంది.
తాగి, లోపలికి పరిగెత్తింది.
గడియ పడిన చప్పుడు వినిపించింది.

కాసేపటికి బయటికొచ్చి
నేను అప్పుడే తుడిచిన నేలమీద
తడి అడుగులేసుకుంటూ పోయింది.

ఏమీ అనలేదు నేను.